పక్క చేను సుంకు పడితే సన్నాలు దొడ్డవుతాయా?

ఈసారి ఎక్కువ ఉత్తరాలు గింజల గురించే వచ్చాయి. వరి బ్రీడింగ్‌లో పనిచేసి రిటైరైన నాకు ఇంతకంటే ఇష్టమైన సబ్జెక్ట్ లేదు. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైంది. తర్వాతి జవాబులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి దాన్ని ముందు చదవండి.

ప్రశ్న: సన్నాలకు బోనస్ ఉందని వానాకాలం బీపీటీ 5204 వేశాను. గట్టుకు అవతల మా బాబాయి దొడ్డు రకం ఎంటీయూ 1010 వేశాడు. ఇద్దరం ఒకే వారం నార్లు పోశాం. కొనుగోలు కేంద్రంలో నా వడ్లలో దొడ్డు గింజలు ఉన్నాయని పక్కన పెట్టారు. 'పక్క చేను గాలి తగిలి దొడ్డయినయ్' అని అందరూ అంటున్నారు. బాబాయితో మాటలు కూడా తగ్గినయ్. ఇది నిజమేనా?
— ఒక రైతు, జమ్మికుంట దగ్గర

జవాబు: ముందు మీ బాబాయి గారితో మాట్లాడండి. ఇందులో ఆయన చేను తప్పేమీ లేదు.

బీపీటీ 5204, అంటే మన సాంబమసూరి, 145 నుంచి 150 రోజుల పంట. 1010 దాదాపు 120 రోజులకే కోతకొస్తుంది. ఒకే వారం నార్లు పోశామని మీరే రాశారు. అంటే ఆయన చేను పూతకొచ్చిన రోజుల్లో మీ చేను ఇంకా చిరుపొట్ట కూడా దాటి ఉండదు. మీ కంకులు బయటికొచ్చేసరికి ఆయన చేలో గింజ ముదిరిపోయింది. మీ పూత మీద పడటానికి అటువైపు సుంకే, అంటే పుప్పొడే, లేదు.

రెండూ ఒకేసారి పూశాయనే అనుకుందాం. అప్పుడైనా ఇలా జరగదు. ఎండ కాసే రోజున పొద్దున తొమ్మిదిన్నర, పదింటికి చేలోకి వెళ్లి ఒక కంకిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. ఊక రెండు రెక్కలుగా మెల్లగా విచ్చుకుంటుంది. లోపల అడుగున చిన్న పొలుసులు రెండు ఉంటాయి. అవి నీరు పట్టి ఉబ్బి రెక్కలను బయటికి తోస్తాయి. ఆరు కేసరాలు పైకి లేస్తాయి. చాలావరకు పువ్వు విచ్చుకునే ఆ క్షణంలోనే వాటి తిత్తులు పగిలి, సొంత సుంకు, దాన్ని అందుకునే సొంత కీలాగ్రం మీదే పడుతుంది. గంట, గంటన్నరలో రెక్కలు మళ్లీ మూసుకుపోతాయి, వాడిన కేసరాలు బయట వేలాడుతుంటాయి. వరి పుప్పొడి కొన్ని నిమిషాలకు మించి బతకదు. అందుకే మామూలు వరి రకాల్లో పరాయి సుంకుతో కట్టే గింజలు నూటికి ఒకటి కూడా ఉండవు. విత్తన ధ్రువీకరణ నిబంధనలు కూడా దీన్నిబట్టే పెట్టారు. వరి రకాల విత్తన క్షేత్రానికి, పక్క వరి చేనికి మధ్య 3 మీటర్ల ఎడం ఉంటే చాలు.

అసలు విషయం ఇంకొకటుంది. ఆ నూటికి ఒక్క గింజలో పరాయి సుంకు పడ్డా, ఆ గింజ ఈ పంటలో దొడ్డుగా కనిపించదు. గింజ ఎంత పొడవు, ఎంత లావు పెరగాలో తేల్చేది దాని పైనున్న ఊక. ఆ ఊక పువ్వు పూయక ముందే, కంకి ఇంకా పొట్టలో ఉండగానే తయారైపోతుంది. అది పూర్తిగా తల్లి మొక్క శరీరం. బిడ్డ పుట్టకముందే తల్లి కట్టి ఉంచిన ఇల్లు అనుకోండి. లోపల పెరిగే బియ్యం ఆ గోడల మధ్యే సర్దుకోవాలి. తండ్రి 1010 అయినా, ఇంకేదైనా, తల్లి సాంబమసూరి అయితే ఆ గింజ సన్నగానే ఉంటుంది. ఊక కింద పల్చటి పొర ఉంటుంది చూడండి, ఎర్రబియ్యానికి ఎరుపునిచ్చే పొర, అది కూడా తల్లిదే. తండ్రి వాటా ఉండేది లోపలి పిండిలో, మొలకలో మాత్రమే.

ఊక సైజును నడిపే జన్యువులు ఈ ఇరవై ఏళ్లలో ఒక్కొక్కటే బయటపడ్డాయి. 2006లో చైనాలోని ఊహాన్ శాస్త్రవేత్తలు జీఎస్3 అనే జన్యువును గుర్తించారు. అది గింజ పొడవును అదుపులో పెడుతుంది. అది పాడైతే గింజ పొడవు సాగుతుంది. బాస్మతిలాంటి పొడుగు గింజల్లో జరిగింది ఇదే. 2007లో జీడబ్ల్యూ2, 2008లో జీడబ్ల్యూ5 దొరికాయి. అవి వెడల్పును అదుపు చేస్తాయి, అవి పనిచేయకపోతే గింజ లావెక్కుతుంది. నాకు ఇందులో ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. ఈ మూడూ గింజను పెంచే జన్యువులు కావు, పెరగకుండా ఆపేవి. వాటిలో ఏవి చెడిపోయిన మొక్కల్ని మన పూర్వీకులు ఏరి విత్తనానికి ఉంచుకున్నారో, వాటినిబట్టే కొన్ని రకాలు పొడుగ్గా, కొన్ని దొడ్డుగా తయారయ్యాయి. వెయ్యి గింజలు తూస్తే సాంబమసూరి సుమారు 15 గ్రాములు, 1010 సుమారు 23 గ్రాములు తూగుతాయి. ఆ తేడా అంతా వాటి జన్యువుల్లో ఉంది. గాలి దాన్ని ఒక్క పంటలో మార్చలేదు.

మరి మీ వడ్లలోకి దొడ్డు గింజలు ఎలా వచ్చాయి? విత్తనం బస్తాలోనే బెరుకు, అంటే వేరే రకం గింజలు, కలిసి ఉండొచ్చు. లేదా పోయిన యాసంగిలో మీ మడిలో 1010 వేసి ఉంటే, రాలిన గింజలు మొలిచి ఉండొచ్చు. కానీ నా అనుమానం కోత మిషన్ మీద. మీ చేలోకి రాకముందు అది దొడ్డు వడ్లు కోసి ఉంటే, దాని ట్యాంకులో, జల్లెళ్లలో మిగిలిన గింజలు మీ మొదటి బస్తాల్లోకే వస్తాయి. తేల్చుకోవడం ఎలాగో చెబుతాను. చేలో 1010 మొక్కలే కలిసి ఉంటే, అవి మీ సాంబ కంటే మూడు నాలుగు వారాల ముందే ఈని, పచ్చటి చేలో కంకులతో ప్రత్యేకంగా కనిపించేవి. అవి కనిపించాయా? గుర్తు తెచ్చుకోండి. అలాంటి మొక్కలు లేకుండా వడ్లలో మాత్రమే దొడ్డు గింజలుంటే, అవి మిషన్ నుంచో, కల్లం నుంచో, పరదాల నుంచో వచ్చినవే.

వచ్చే పంటకు మిషన్ మడిలో దిగకముందే ఖాళీగా కాసేపు తిప్పించి, మొదట దిగిన వడ్లను విడిగా పోయించండి. ఈనిక సమయంలో చేనంతా ఒకసారి, గింజ పాలు పోసుకునేటప్పుడు ఇంకోసారి తిరిగి బెరుకులను వేళ్లతో సహా పీకేయండి. క్వింటాకు 500 రూపాయల బోనస్ కోసం ఆ రెండు పూటలు పెట్టడం దండగ కాదు.

ప్రశ్న: వరిలో గాలితో మారదని మీరు ఇదివరకు కూడా రాశారు. మాది స్వీట్‌కార్న్. పక్క చేలో మామూలు మొక్కజొన్న ఉంది. నా కంకుల్లో మధ్యమధ్య గింజలు లావుగా, తీపి లేకుండా వచ్చాయి. వ్యాపారి ధర తగ్గించాడు.
— ఒక రైతు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీ విషయంలో మాత్రం కారణం పక్క చేనే.

మొక్కజొన్నలో మగ పువ్వు మొక్క తలమీద, ఆడ పువ్వు నడుమున ఉంటాయి. గాలిలో సుంకు ఎక్కడి నుంచైనా రావచ్చు. కంకి కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు చెందుతుంది. ఏ పోగు మీద పక్క చేను సుంకు పడిందో ఆ గింజ ఒక్కటే మారుతుంది. అందుకే మీ కంకిలో అలాంటివి అక్కడక్కడ ఉన్నాయి.

పైగా మొక్కజొన్నలో మనం చూసేది, తినేది లోపలి పిండినే. పైపొర పల్చగా, దాదాపు రంగు లేకుండా ఉంటుంది. ఆ పిండి పుట్టుక విచిత్రమైనది. ఒక పుప్పొడి రేణువు రెండు బీజకణాలను తెస్తుంది. ఒకటి అండంతో కలిసి మొలక అవుతుంది. రెండోది తల్లి వైపున్న రెండు కేంద్రకాలతో కలిసి పిండి అవుతుంది. ఈ సంగతిని 1898లో రష్యా శాస్త్రవేత్త నవాషిన్ కనిపెట్టాడు. అంటే పిండిలో తల్లివి రెండు వాటాలు, తండ్రిది ఒకటి. సూపర్‌స్వీట్ రకాల్లో ష్రంకెన్2 అనే జన్యువు పనిచేయదు. అందువల్ల చక్కెర పూర్తిగా పిండిగా మారక తీపి నిలుస్తుంది. పక్క చేను సుంకు పనిచేసే జన్యువును ఒక్కటి తెచ్చినా చాలు, ఆ గింజలో చక్కెర పిండిగా మారిపోతుంది.

మొక్కజొన్న హైబ్రిడ్ విత్తన క్షేత్రాలకు 200 మీటర్ల ఎడం ఉండాలంటారు. మీకు అంత జాగా లేకపోతే, పక్కవాళ్లతో ముందే మాట్లాడుకుని పూతల మధ్య కనీసం మూడు వారాల తేడా వచ్చేలా విత్తుకోండి.

ప్రశ్న: హైబ్రిడ్ వడ్లు చూడటానికి ఒకేలా ఉన్నాయి. విత్తనానికి దాచుకుంటే ఏమవుతుంది? ఇంకో మాట, ఆ బియ్యం వండితే అన్నం కొంత పలుకుగా, కొంత మెత్తగా వస్తోందని ఇంట్లో అంటున్నారు. మిల్లులో ఏమైనా కలిపారా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మిల్లువాళ్లు ఏమీ కలిపి ఉండకపోవచ్చు. ఈ రెండు ప్రశ్నలకూ కారణం ఒకటే.

హుజూరాబాద్, జమ్మికుంట వైపు 'ఆడమగ వరి' వేసి హైబ్రిడ్ విత్తనం పండించే రైతులకు ఇందులో సగం తెలుసు. ఆడ వరుసల్లోని మొక్క సుంకు పనికిరాదు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో, హైబ్రిడ్ వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి ఒక అడవి వరి మొక్క దొరికింది. పుప్పొడి పనికిరాని ఆ మొక్క కణద్రవ్యాన్ని, అంటే కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థాన్ని, తర్వాతి రకాల్లోకి ఎక్కించారు. హైబ్రిడ్ వరి చాలావరకు ఆ ఒక్క మొక్క మీదే నిలబడింది. మన దేశంలో 1994లో వచ్చిన మొదటి హైబ్రిడ్‌లలో ఏపీహెచ్ఆర్ 1, ఏపీహెచ్ఆర్ 2 మనవే. ఆడ మొక్కకు ఇంకో చిక్కు ఉంది. దాని కంకి పోటాకు తొడుగు నుంచి పూర్తిగా బయటికి రాదు. అందుకే కంకి సాగడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోన్ మందు కొడతారు. పూత వేళ మగ వరుసల మీద తాడు లాగి సుంకు దులుపుతారు. కీలాగ్రం ఊక బయటికి పొడుచుకొచ్చే గుణమున్న ఆడ రకాలైతే గింజ బాగా కడుతుంది. మగ మొక్కలో సుంకును మళ్లీ బాగుచేసే జన్యువులుంటాయి, వాటిలో ముఖ్యమైనవి ఆర్ఎఫ్3, ఆర్ఎఫ్4. బస్తాలో కొన్న విత్తనానికి ఆడ వైపు నుంచి ఆ పాడైన కణద్రవ్యం, మగ వైపు నుంచి దాన్ని సరిచేసే జన్యువులు రెండూ అందుతాయి. అందుకే ఆ చేను నిండుగా గింజ కడుతుంది.

ఇప్పుడు మీ చేలో పండిన వడ్ల సంగతి. చేలోని మొక్కలన్నీ ఒకే రకం కాబట్టి వాటి ఊకలన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే వడ్లు చూడటానికి ఏ తేడా లేకుండా ఉన్నాయి. కానీ ఊక లోపలున్నది తర్వాతి తరం. అక్కడ అమ్మ వైపు, నాన్న వైపు జన్యువులు విడిపోయి ఒక్కో గింజలో ఒక్కోలా కలుస్తాయి. అన్నం పలుకుగా ఉండాలా, మెత్తగా ఉండాలా అన్నదాన్ని ఎక్కువగా తేల్చేది అమైలోజ్ అనే పిండిపదార్థం. అది ఎంత ఉండాలో ఆరో క్రోమోజోమ్ మీదున్న వాక్సీ జన్యువు చెబుతుంది. ఆడ రకం అమైలోజ్ ఎక్కువది, మగ రకం తక్కువది అయితే, ఒకే కంకిలో పక్కపక్క గింజలు వేరువేరుగా ఉడుకుతాయి. ఊక చూసి దీన్ని కనిపెట్టడం ఎవరి వల్లా కాదు, కుండలోనే బయటపడుతుంది. హైబ్రిడ్ తయారుచేసేవాళ్లు రెండు వైపులా దగ్గరి అమైలోజ్ ఉన్న రకాలనే ఎంచుకోవాలి. దిగుబడి మీద పెట్టిన శ్రద్ధ దీని మీద కూడా పెట్టాలని నేను ఎప్పుడూ చెబుతూ వచ్చాను.

ఆ వడ్లు విత్తనంగా వేస్తే ఎత్తు, కాలపరిమితి, కంకి ఒక్కో మొక్కకు ఒక్కోలా వస్తాయి. పాడైన కణద్రవ్యం తల్లి నుంచి అన్నింటికీ వస్తుంది, దాన్ని సరిచేసే జన్యువులు మాత్రం అన్నింటికీ రావు. అవి రాని మొక్కలకు తాలు కంకులు మిగులుతాయి. దాచుకోవద్దు.

ప్రశ్న: ఢిల్లీ నుంచి తెప్పించిన బాస్మతి విత్తనం మా పొలంలో వేశాం. గింజ పొడుగ్గానే వచ్చింది కానీ వాసన లేదు. మోసపోయామా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మోసమని అప్పుడే అనకండి. వాసన బియ్యాల్లో ఎక్కువ వాటిలో, ఎనిమిదో క్రోమోజోమ్ మీదున్న బీఏడీహెచ్2 అనే జన్యువులో ఎనిమిది డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. 2005లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు. ఆ జన్యువు పనిచేయనప్పుడు ఒక సువాసన పదార్థం గింజలో, ఆకులో పేరుకుంటుంది. అయితే జన్యువు అలా చెడిపోయి ఉన్నంత మాత్రాన సరిపోదు. గింజ పాలు పోసుకునేటప్పుడు రాత్రిళ్లు చల్లగా ఉంటేనే వాసన బాగా పడుతుంది. మన కోస్తా ఉక్కలో అది పలచబడుతుంది. వడ్లను మండుటెండలో ఎండబెట్టినా, ఎక్కువ కాలం నిల్వ చేసినా తగ్గుతుంది.

విత్తనం అసలుదేనా కాదా తేల్చడానికి మంచి పరీక్ష ఉంది. 1978లో శాస్త్రవేత్తలు సూద్, ఇ.ఎ. సిద్దిఖ్ దీన్ని ప్రకటించారు. ఆ సిద్దిఖ్ గారే తర్వాత హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. పచ్చి ఆకు ముక్కలను 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి మూతపెట్టి, పది నిమిషాల తర్వాత మూత తీసి వాసన చూడటమే. ఇది ల్యాబ్‌లోనే చేయించండి, ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది. ఇంట్లో అయితే ఒక్కో మొక్క నుంచి కొన్ని గింజలు విడిగా తీసి, ఊక ఒలిచి ఒక్కొక్కటే నమిలి చూడండి. కొన్ని మొక్కలకు వాసన ఉండి కొన్నింటికి లేకపోతే విత్తనం బెరుకు. అన్నింటికీ కాస్త కాస్త ఉంటే వాతావరణమే కారణం.

ప్రశ్న: యాసంగిలో ఆలస్యంగా నాటిన మడిలో తాలు ఎక్కువ. నీళ్లు బాగానే పెట్టాం.
— ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: పూత వేళ ఎండ దెబ్బ. పువ్వు విచ్చుకున్న ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే కేసరాలు సరిగా పగలవు, సుంకు కీలాగ్రం మీద చాలినంత పడదు. అప్పటికే గర్భం దాల్చిన పువ్వు ఆ తర్వాత వేడిని చాలావరకు తట్టుకుంటుంది. అందుకే శాస్త్రవేత్తలు పువ్వు పూసే వేళనే ముందుకు జరిపే పనిలో పడ్డారు. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి తెల్లవారాక త్వరగా పూస్తుంది. దాని నుంచి మూడో క్రోమోజోమ్ మీది ఒక ముక్కను ఐఆర్64 రకంలోకి తెచ్చారు. పూత గంటన్నర, రెండు గంటలు ముందుకు జరిగింది, తాలు తగ్గింది. వేడిని తట్టుకునే గుణానికి మన నాగినా 22 కూడా పేరున్నదే. ఇవి మీ చేతికి వచ్చేదాకా యాసంగి నార్లు ఆలస్యం చేయకండి. పూత మీద ఉన్న చేలో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఏ మందూ కొట్టకండి, సాయంత్రం కొట్టండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. కుండీలో వరి పెంచి రెండు రకాలను కలపాలని ఉంది. అమ్మ ఇంత చిన్న పువ్వుతో నీవల్ల కాదంటోంది. ఎలా చేయాలి?
— ఒక విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: తప్పకుండా అవుతుందమ్మా. తెల్లబియ్యం రకాన్ని తల్లిగా, ఎర్రబియ్యం రకాన్ని తండ్రిగా తీసుకో. రెండింటి పూత కలవడానికి ఎర్ర రకాన్ని వారం వారం తేడాతో మూడు కుండీల్లో విత్తు.

తల్లి కంకి సగం పైగా బయటికొచ్చిన రోజు, సాయంత్రం నాలుగు దాటాక కూర్చో. పైనున్న పూసిపోయిన పువ్వులు, కింద మరీ లేతవి కత్తిరించేయ్. మిగతా వాటిని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే లోపల కేసరాలు నీడలా కనిపిస్తాయి. అవి సగం ఎత్తుకు వచ్చినవే పనికొస్తాయి. చిన్న కత్తెరతో ఊకను పైనుంచి మూడో వంతు ఏటవాలుగా కోసి, సన్న పట్టకారుతో ఆరు కేసరాలూ తీసెయ్. ఆరూ లెక్కపెట్టుకో, ఒక్కటి మిగిలినా పని చెడుతుంది. అడుగున ఈకల్లా ఉండే కీలాగ్రాలకు పట్టకారు తగలకూడదు. బటర్ పేపర్ సంచి తొడిగి పిన్ను పెట్టు. మర్నాడు పొద్దున పదింటికి ఎర్ర రకం కంకి విచ్చుకోగానే దాన్ని కోసి, సంచి తెరిచి పైనుంచి దులుపు. మళ్లీ మూసి, తేదీ, రెండు రకాల పేర్లు రాసి కట్టు. నాలుగైదు రోజులకే కోసిన ఊక పైన పచ్చటి గింజ తొంగిచూస్తుంది. నెలరోజులకు ముదురుతుంది.

ఆ గింజకు ఊక కింది పొర తెల్లగానే ఉంటుంది. సంకరం కుదరలేదని పారేయకు, ఆ పొర తల్లిది కదా. దాన్ని విత్తితే వచ్చే మొక్కకు మాత్రం అన్నీ ఎర్ర గింజలే కాస్తాయి. ఎరుపునిచ్చే ఆర్‌సీ జన్యువు తెల్లబియ్యంలో చాలావరకు పద్నాలుగు అక్షరాలు పోయి పనిచేయడం మానేసింది. తండ్రి దగ్గర అది సవ్యంగా ఉంది, ఒక్కటి ఉన్నా రంగు వస్తుంది. ఆ ఎర్ర గింజల్ని నలభై దాకా విత్తి చూడు. సుమారు ముప్పై మొక్కలకు ఎర్ర గింజలు, పది మొక్కలకు తెల్ల గింజలు వస్తాయి. ఒక్క మొక్కలో మాత్రం రెండు రంగులూ కలిసి ఉండవు. అందుకని కోసేటప్పుడు కంకులన్నీ ఒకే గంపలో వేయకుండా, మొక్కకో కవరు పెట్టుకుని నంబరు రాసుకో.